పండ్ల డాక్టర్ సార్ యాదిలో: సగంలో ఉన్న క్లిప్పులు, ఊర్ల క్యాంపు ఆగొద్దంటే ఏం చేయాలె?

రామగిరి గల్లీ (ప్రశ్న)

నల్లగొండల పండ్లకు క్లిప్పులు వేసే సార్ పోయిన నెల ప్రభువు దగ్గరికి పోయిండ్రు. గడియారం సెంటర్ దగ్గరి ఆ క్లినిక్ మెట్లు ఎక్కినోళ్లందరికీ ఆ మనిషి తెలుసు. నెట్‌ల పేరు పెట్టొద్దని ఇంటోళ్లు అడిగిండ్రు కాబట్టి సార్ అనే రాస్తున్న.

తెలియనోళ్ల కోసం కొంచెం చెప్తా. సార్ ఆర్థోడాంటిస్ట్. బి.డి.ఎస్ తర్వాత ఇంకో మూడేండ్లు ఎం.డి.ఎస్ చదివి, వంకర పండ్లు, దవడల పెరుగుదల మాత్రమే చూసే డాక్టర్. క్లిప్పులు వేసినంక ఏడాదిన్నర, రెండేండ్లు నాలుగు వారాలకోసారి పోవాల్సిందే. అన్నిసార్లు కూలి పోగొట్టుకొని హైదరాబాద్ బస్సెక్కలేక సగంలనే ఆపేసే ఇండ్లు మన దిక్కు ఎన్నో ఉండె. సార్ ఇక్కడనే ఉండబట్టి ఆ పిల్లల వైద్యం చివరిదాకా అయింది. పొద్దున క్లినిక్ తలుపు తీయంగనే ఒక్కరే మోకరించి ప్రార్థన చేసుకునేటోళ్లు, ఆ తర్వాతనే మొదటి పేషంట్‌ను పిలిచేది. గుడ్ ఫ్రైడే నాడు క్లినిక్ బంద్. రంజాన్ నెలల రోజా ఉన్న పిల్లలకు నోట్లె అచ్చు తీసే పని ఇఫ్తార్ అయినంకనే పెట్టేది, ఎందుకంటే ఆ పేస్టు ఎంత జాగ్రత్తపడ్డా కొంచెం గొంతులకు జారుతది. రెండో శనివారం వస్తే మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కు బడులల్ల క్యాంపు. చర్చి వ్యాన్‌లనే పోయేది గానీ క్యాంపు దగ్గర ఒక్క కరపత్రం పంచనియ్యకపోయేది.

ఇప్పుడు మా ముందట నాలుగు పనులున్నయి. నోట్లె తీగలతో ఉన్న పిల్లల వైద్యం ఎవరికి, ఎట్లా అప్పజెప్పాలె? ఇంటోళ్లు క్లినిక్ గది రెండు నెలల్ల ఖాళీ చేస్తరట, ఫైళ్లు, సుద్ద అచ్చులు బీరువాలల్ల ఉన్నయి. రెండోది, శనివారం క్యాంపు ఆగొద్దు. మూడోది, సార్ దగ్గర క్లిప్పులు వేయించుకొని ఇప్పుడు అమెరికాల ఉన్నోళ్లు పైసలు పంపుతమంటున్నరు. ఆఖరుది యాది సభ, ఎట్లా చేస్తే సార్ మనసుకు తగ్గట్టుంటది? తెలిసినోళ్లు పని పద్ధతి చెప్పుండ్రి.

తీగ–బ్రాకెట్

అన్నిటికంటే ముందు నోట్లో తీగలున్న పిల్లలు. సభ నెల తర్వాత పెట్టుకున్నా నష్టం లేదు. కొన్ని రకాల తీగలు మాత్రం డాక్టర్ చూడకుండా నెలలు గడిస్తే పండ్లను తప్పు దిక్కుకు తీసుకుపోతాయి.

ఫైళ్లు ముందు పెట్టుకొని, ఆర్థోడాంటిస్ట్ ఒకరిని పక్కన కూర్చోబెట్టుకొని, పిల్లలను మూడు గుంపులు చేయండి.

ఈ వారంలోనే ఎవరైనా డాక్టర్ చూడాల్సిన వాళ్లు మొదటి గుంపు. అంగిలి వెడల్పు చేసే స్క్రూ ఉన్నవాళ్లు, రివర్స్ కర్వ్ (ఎదురు వంపు పెట్టిన) తీగ వేసినవాళ్లు, ఖాళీ మూసే లూప్ తీగ ఉన్నవాళ్లు, చిగురులో చిన్న స్క్రూ దిగేసినవాళ్లు, దవడ పన్ను చుట్టూ ఉంగరంలా వేసిన బ్యాండు ఊడి కదులుతున్నవాళ్లు. అంగిలి స్క్రూ ఒక్కసారి తిప్పితే పావు మిల్లీమీటర్ తెరుచుకుంటుంది. "సార్ రోజూ తిప్పమన్నారు" అని ఇంట్లో తల్లులు తిప్పుతూనే ఉంటారు, అవసరానికి మించి వెడల్పయితే పై పండ్లు కింది పండ్లను దాటి బయటికి పోతాయి. ఇవాళే ఫోన్ చేసి తిప్పడం ఆపమనండి. ఊడిన బ్యాండు నొప్పి పెట్టదు, అదే దాంతో ప్రమాదం. దాని కింద అన్నం, చక్కెర దూరి, కొన్ని వారాల్లోనే పన్ను పుచ్చడం మొదలవుతుంది.

రెండో గుంపు, నెల రోజులు ఆగగలిగినవాళ్లు. మామూలు నైటై (నికెల్–టైటానియం) తీగ, రబ్బరు గొలుసు ఉన్నవాళ్లు ఇందులోకి వస్తారు. రబ్బరు గొలుసు నాలుగైదు వారాల్లోనే బిగువు చాలా మటుకు కోల్పోతుంది, ఆ తర్వాత పని ముందుకు సాగదు గానీ పెద్ద చెడు కూడా జరగదు. పై పన్నుకు, కింది పన్నుకు కలిపి రోజూ ఇంట్లో తగిలించుకునే రబ్బర్ల సంగతి వేరు. వాటిని ఒక్క పక్కే వేసుకుంటే ముందు పండ్ల నడిమి గీత పక్కకు జరుగుతుంది, అవసరం తీరాక కూడా వేసుకుంటూ పోతే పై, కింది పండ్లు కలిసే తీరు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ఇవి వాడే పిల్లల ఫైళ్లు తీసి, కొత్త డాక్టర్ చూసేదాకా వేసుకోవాలో ఆపాలో ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పించండి. అందరికీ ఒకే మెసేజ్ పెట్టకండి.

మూడో గుంపు క్లిప్పులు తీసేసి, పండ్లు వెనక్కి జరగకుండా పట్టే రిటెయినర్ మీద ఉన్నవాళ్లు. వైద్యం అయిపోయిందిలే అని వీళ్లను అందరూ మరిచిపోతారు. క్లిప్పులు తీసిన మొదటి కొన్ని నెలలే పండ్లు వేగంగా వెనక్కి జరిగే కాలం. తీసి పెట్టుకునే రిటెయినర్‌ను మామూలుగా మొదటి ఆరు నెలలు అన్నం తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప రాత్రింబవళ్లు పెట్టుకోవాలి, తర్వాత రాత్రిపూట. వేడి నీళ్లలో కడిగితే ప్లాస్టిక్ వంకరపోతుంది. పండ్ల వెనుక సన్నని తీగ అతికించినవాళ్లు నెలకోసారి నాలుకతో తడిమి చూసుకోవాలి. ఒక్క పన్ను దగ్గర అతుకు ఊడినా ఆ పన్ను ఒక్కటే తిరిగిపోతుంది, తీగ మాత్రం ఉన్నచోటే కనిపిస్తుంది.

కొత్త డాక్టర్‌కు అప్పజెప్పేటప్పుడు ఒక్కో బిడ్డకు ఒక్కో కవరు కట్టండి. అందులో మొదటి ఫోటోలు, పండ్లన్నీ కనిపించే ఓ.పి.జి ఎక్స్‌రే, ముఖం పక్క నుంచి తీసిన సెఫలోగ్రామ్, సుద్ద అచ్చులు, ఏ పండ్లు పీకించారు, ఎందుకు పీకించారు, ఇప్పుడు నోట్లో ఏ తీగ ఉంది, కట్టిన ఫీజు ఎంత, బాకీ ఎంత, ఇవన్నీ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైన ఒక్క మాట బ్రాకెట్ (తీగను పట్టేందుకు పన్ను మీద అతికించే బిళ్ల) గాడి కొలత. అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్క చెప్పుకుంటాం, 18 గాడి ఒకటి, 22 గాడి ఒకటి. 22 గాడికి వాడే 19×25 ఉక్కు తీగ 18 గాడిలో అసలు కూర్చోదు. ఎం.బి.టి రకమా, రాత్ రకమా అన్నది కూడా రాయాలి, వాటిలో పన్ను వాలుకు పెట్టిన కోణాలు వేరు. ఇవి తెలియకపోతే కొత్త డాక్టర్ బ్రాకెట్లన్నీ పీకి మళ్లీ అతికించాల్సి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది, కొన్ని నెలలు వెనక్కి పోతారు. సార్ కార్డుల మీద వచ్చేసారి వేయాల్సిన తీగ కూడా రాసి పెట్టేవారని ఆయన దగ్గర చూపించుకున్నవాళ్లు చెప్తారు. అదే నిజమైతే మీ పని సగం తేలికయినట్టే.

వేరే డాక్టర్ మొదలుపెట్టిన కేసు తీసుకోవడానికి చాలామంది వెనకాడతారు. ప్లాన్ తెలియదు, ఫీజు దగ్గర గొడవ వస్తుంది, ఆఖరుకు ఫలితం బాగా రాకపోతే మాట పడాల్సింది వాళ్లే. అందుకే ఫీజు లెక్క మీద సార్ ఇంటివాళ్ల సంతకం ఉండాలి, కొత్త డాక్టర్ కొత్తగా ఫోటోలు, ఎక్స్‌రే తీసి కొత్త ఒప్పంద పత్రం రాయించుకోవడానికి తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. ఖర్చు భరించలేని పిల్లలకు నార్కట్‌పల్లి కామినేని డెంటల్ కాలేజీ, పాలమూరు వైపు వాళ్లకు ఎస్.వి.ఎస్ డెంటల్ కాలేజీ, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ. మూడుచోట్లా విడివిడిగా తిరగకుండా, ముందే ఆర్థో విభాగం పెద్దలకు జాబితా చూపించి, ఒకే రోజున గుంపుగా తీసుకుపోండి. ప్రైవేటుగా పోయేవాళ్లు ఎం.డి.ఎస్ ఆర్థో అవునో కాదో, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరుందో లేదో చూసుకోవాలి.

ఫైళ్లు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఎవరి ఫైలు వాళ్లకే, సంతకం తీసుకొని. వాళ్లు రాకపోయినా సుద్ద అచ్చులు పారేయకండి, మొదట్లో పండ్లు ఎట్లా ఉండేవో చూపేది అవే.

బడి క్యాంపులు

క్యాంపు సంగతి నేను రాస్త. సార్ క్యాంపులల్ల సాగిన పద్ధతే ఇది, ఎక్కువ తక్కువ లేదు.

ముందు అనుమతులు. జిల్లా విద్యాధికారికి ఒక దరఖాస్తు, బడి పెద్దసారుకు ఒకటి, ఆ ఊరి పీహెచ్‌సీ డాక్టర్‌కు సమాచారం. గురుకులం అయితే ప్రిన్సిపాల్. బడి పిల్లల ఆరోగ్యం చూసే ఆర్.బి.ఎస్.కె బృందం ఆ మండలంల ఎప్పుడు తిరుగుతదో కనుక్కొని వాళ్లతో కలిపి పెట్టుకుంటే ఒక్క పిల్లగాన్ని రెండుసార్లు చూసే పని తప్పుతది. వారం ముందు తల్లిదండ్రుల చీటీ పంపాలె, అందుల సంతకంతోపాటు ఒక ప్రశ్న తప్పక ఉండాలె: బిడ్డ ఎనిమిదేండ్లు వచ్చేదాక ఏ ఊర్ల పెరిగింది, ఏ నీళ్లు తాగింది.

ఈ ప్రశ్న ఎందుకంటే, మన దిక్కు గార (ఫ్లోరైడ్ మచ్చలు) పట్టిన పండ్లకు కారణం పన్ను చిగురు లోపల తయారయ్యే కాలంల తాగిన, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు. జ్ఞానదంతాలు విడిచిపెడితే మిగిలిన పండ్ల పైపొర ఎనిమిదేండ్ల లోపల్నే తయారైపోతది. పదో తరగతి పిల్ల పండ్ల మీద కనిపించే మచ్చ ఎన్నడో చిన్ననాడు తాగిన నీళ్ల గుర్తు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నయి గదా, మచ్చ ఎందుకు పోలేదని తల్లులు అడుగుతరు. పోదు, కానీ ఆమె చెల్లెకు రాకుండ ఆగుతది, అదే చెప్పాలె. నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాక అని భారత ప్రమాణం చెప్తది. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతది. ఈ ఒక్క మాట ప్రతి క్యాంపుల చెప్పాలె, ఎందుకంటే మరగబెడితే సాలు అనుకునే ఇండ్లు ఇంకా ఉన్నయి.

150 మంది పిల్లలకు లెక్క ఇట్లా. చూసే డాక్టర్లు ఇద్దరు, రాసేటోళ్లు ఇద్దరు, వరుస నడిపే టీచర్ ఒకరు, ఆడపిల్లల దగ్గర ఆడ మనిషి ఒకరు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అనుకుంటే నాలుగు గంటల్ల అయిపోతది. ఒకసారి వాడి పారేసే నోటి అద్దాలు 170, గ్లౌజులు వంద ముక్కల డబ్బాలు నాలుగు, ఎందుకంటే ప్రతి బిడ్డకు జత మార్చాలె. నెత్తికి కట్టుకునే లైట్లు రెండు, కుర్చీలు కిటికీకి ఎదురుంగ. ఇనుప అద్దాలు తెస్తే వాటిని మరిగే నీళ్లల్ల ముంచి మళ్లీ వాడుడు పనికిరాదు. 121 డిగ్రీల ఆటోక్లేవ్ లేకుండ రెండోసారి వాడొద్దు. చెత్త మీద చానామంది నిర్లక్ష్యం చేస్తరు. 2016 బయోమెడికల్ చెత్త నియమాలు క్యాంపులకు కూడా వర్తిస్తయి: ఉమ్మి, రక్తం అంటిన దూది పసుపు సంచిల, గ్లౌజులు, ప్లాస్టిక్ ఎర్ర సంచిల. బడి వెనుక కాలబెట్టుడు కాదు, కాలేజీకో దవాఖానకో తిరిగి తీస్కపోవాలె.

బడిల పండ్లు పీకొద్దు. మత్తు సూది పడని బిడ్డ ఉంటే, రక్తం ఆగకపోతే, అక్కడ చేతిల ఏం ఉండదు. చూసుడు, రాసుడు, పంపుడు, అంతే.

గార రాసేటప్పుడు డీన్ లెక్క వాడాలె. నోట్లె అన్నిటికంటే ఎక్కువ చెడిన రెండు పండ్లు చూడాలె, రెండూ సమానంగ లేకపోతే తక్కువ చెడినదాని లెక్క రాయాలె. అక్కడక్కడ తెల్ల చుక్కలుంటే అనుమానం, పావు వంతు లోపల తెల్లబడితే అతి తక్కువ, సగం లోపల అయితే తక్కువ, పన్ను అంతటా పాకి గోధుమ రంగు, అరుగుడు ఉంటే మధ్యస్థం, గుంటలు పడితే తీవ్రం. పొరపాటు ఎక్కడ జరుగుతదంటే ఏ మచ్చ చూసినా ఫ్లోరైడ్ అని రాసుడు. ఫ్లోరైడ్ గార కుడి ఎడమ పండ్ల మీద జతగ ఉంటది. ఒక్క పన్ను మీదనే మచ్చ ఉంటే చిన్నప్పుడు పాలపన్నుకు దెబ్బ తగిలి ఉండొచ్చు. గీకితే పోయేది గుట్కా మరక.

వంకర పండ్ల కోసం ఏడు నుంచి తొమ్మిదేండ్ల పిల్లలను కొంచెం ఎక్కువసేపు చూడాలె, సార్ అందరికంటే వాళ్ల దగ్గరనే ఆగేటోళ్లు. పై ముందు పన్ను కింది పన్నుకు లోపలికి పడిందా, వేలు చీకుతున్నదా, నోటితో ఊపిరి తీస్తున్నదా. పై పండ్లు 6 మిల్లీమీటర్ల కంటే ముందుకు పొడుచుకొస్తే పడ్డప్పుడు విరిగే భయం ఎక్కువ. పాల దవడ పన్ను ముందే పుచ్చి ఊడితే పక్క పండ్లు ఆ సందులకు వాలి, కింద నుంచి వచ్చే కొత్త పన్నుకు జాగ ఉండదు. అప్పుడే చిన్న తీగతో జాగ కాపాడితే తర్వాత రెండేండ్ల క్లిప్పులు తప్పొచ్చు. పదేండ్ల బిడ్డకు పై కోరపన్ను ఉబ్బు చిగురు మీద వేలికి తగలకపోతే ఎక్స్‌రేకు పంపాలె, అంగిలిల అడ్డం తిరిగి ఉండొచ్చు.

క్యాంపు అయినంక చీటీలు ఇంటికి పోతయి, ఎవరూ రారు. ఎన్నో క్యాంపులు చెడిపోయేది ఇక్కడనే. ఒక దినం కూలి వదులుకొని తల్లి నార్కట్‌పల్లి రాదు, పత్తి ఏరే కాలంల అసలే రాదు. అందుకని క్యాంపు తారీఖు పెట్టకముందే కాలేజీల చూపించే తారీఖు తీసుకోవాలె. వాపు, చీము ఉన్నోళ్లకు ఎర్ర చీటీ, అదే వారం. నెలల చూపించాల్సినోళ్లకు పసుపు చీటీ, టీచర్‌తోని ఒకే బండిల. మిగిలినోళ్లకు పచ్చ చీటీ, తోముడు నేర్పితే సాలు. డెంటల్ కాలేజీల పబ్లిక్ హెల్త్ విభాగంతోని మాట్లాడుండ్రి, హౌస్ సర్జన్లను పంపుడు వాళ్లకూ చదువుల భాగమే.

చిన్న పిల్లలకు పేస్టు పంచేటప్పుడు జాగ్రత్త. ఆరేండ్ల లోపలోళ్లకు బఠాణీ గింజంత, మూడేండ్ల లోపలోళ్లకు బియ్యం గింజంత, ఉమ్మేయాలె. బోరు నీళ్లు తాగే ఊర్లల్ల చిన్న పిల్లలు పేస్టు మింగితే అది గూడ లెక్కల కలుస్తది.

రామగిరి గల్లీ

ఇద్దరికీ దండాలు. మొదటి గుంపు ఫోన్లు ఇయ్యాల్నే మొదలుపెట్టినం. తీగ–బ్రాకెట్ గారూ, ఒక్క మాట. తీవ్రంగా గార ఉన్న పిల్లలకు బ్రాకెట్లు నిలుస్తలేవని వేరే డాక్టర్లు పంపిస్తే సార్ వేసేటోళ్లు, అవి నిలిచేటియి. కొత్త డాక్టర్‌కు ఏం చెప్పాలె?

తీగ–బ్రాకెట్

రహస్యం ఏమీ లేదు, ఓపికే. ఫ్లోరైడ్ ఎక్కువున్న పైపొర ఆమ్లానికి లొంగదు. మామూలు పన్ను మీద 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 15 నుంచి 30 సెకన్లు పెడితే చాలు, కడిగి ఆరబెట్టాక సుద్దలా తెల్లబడుతుంది, ఆ గరుకులోకే జిగురు దిగుతుంది. గార పన్ను అంత తొందరగా తెల్లబడదు. అందుకని ముందు 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని గాలితో కొట్టి పైపైన గరుకు చేసి, ఆమ్లం దాదాపు రెండింతల సేపు ఉంచి, తెల్లబడిందో లేదో చూసి, లేకపోతే ఇంకోసారి పెట్టాలి. అతుకును పెంచే ప్రైమర్ వేయాలి. లాలాజలం ఒక్క చుక్క తగిలినా మళ్లీ మొదటికి రావాలి. వెనుక దవడ పండ్లకు అతికించే ట్యూబుల కంటే చుట్టూ పట్టే బ్యాండ్లు మేలు. గాజులాంటి సిరామిక్ బ్రాకెట్లు ఈ పిల్లలకు వద్దు, తీసేటప్పుడు బలహీనమైన పైపొర చెక్కుతో సహా ఊడొచ్చు. మొదటి రెండు వారాలు మెత్తటి తిండి. ఇన్ని చేసినా ఒకటో రెండో ఊడతాయి, తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

మచ్చ తీసే పని, పాలిష్ చేసినా, రెసిన్ పట్టించినా, క్లిప్పులు తీసిన తర్వాతే. ముందే చేస్తే బ్రాకెట్ నిలవదు, మచ్చ తీసిన చోట మళ్లీ జిగురు పడి పని పాడవుతుంది.

పద్దు పుస్తకం

పైసల విషయం. ఎవరి సొంత ఖాతాలోకీ తీసుకోవద్దు, చర్చి పెద్దల ఖాతాలోకి కూడా వద్దు. పోయిన మనిషి పేరు మీద వచ్చే రూపాయి మీద అనుమానం పడితే ఆ పేరే చెడుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు రెండు రకాలు. భారత పాస్‌పోర్టే ఉండి, తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేవాళ్ల డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓ.సి.ఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా, విదేశీయుల కిందే లెక్క. వాళ్ల డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్.సి.ఆర్.ఎ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. కొత్తగా పెట్టిన సంఘానికి మామూలుగా మూడేండ్ల పని చూపిస్తేనే ఈ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అందుకని విదేశీ పౌరుల విరాళం మీరు పట్టుకోవద్దు. ఎఫ్.సి.ఆర్.ఎ ఉన్న ఆసుపత్రికో ట్రస్టుకో నేరుగా ఇవ్వమనండి, ఇది ఫలానా పని కోసం అని రాతపూర్వకంగా అడగమనండి.

ఇక్కడి డబ్బు కోసం సంఘం పెట్టుకోవాలంటే తెలంగాణ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురూ ఒకే చర్చివాళ్లు కాకుండా చూడండి, సార్ దగ్గరికి వచ్చినవాళ్లు అందరూ కదా. ఒక టీచర్, ఒక డెంటిస్ట్, లెక్కలు తెలిసిన ఒకరు తప్పనిసరి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర సంఘానికి, దాతలకు మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్లు (12 ఎ, 80 జి అని పిలిచేవి) వచ్చేదాకా పన్ను మినహాయింపు ఉంటుందని ఎవరికీ మాట ఇవ్వకండి. వచ్చాక కూడా 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు దొరకదు. అసలు మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి వడ్డీ మాత్రమే వాడితే క్యాంపు ఏటా నడుస్తుంది. ఒక్కటే ఖర్చు ఎంచుకోండి: పసుపు చీటీ పిల్లల బండి కిరాయి. కుర్చీ, పరికరాలు కొంటే వాటిని ఎక్కడ పెట్టాలి, ఎవరు బాగుచేయించాలి అన్న తంటా మొదలవుతుంది.

సంఘం పెట్టే శక్తి లేకపోతే డెంటల్ కాలేజీకి రాసిచ్చి, పేద పిల్లల క్లిప్పుల కోసం అని ఒప్పందం చేసుకోవడమే సులువు.

పాలపండ్లు

సార్ చేసిన పనుల్లో గ్రహణం మొర్రి పిల్లల పని గురించి ఎవరూ రాయలేదు. ఆ పని ఆగితే అన్నిటికంటే ఎక్కువ నష్టం, ఎందుకంటే ఆ పిల్లలకు వయసు దాటితే అవకాశం తిరిగి రాదు.

పుట్టిన రెండు మూడు వారాల్లోపే ఆర్థోడాంటిస్ట్ దగ్గరికి తేవాలి. ఎముక ఇంకా మెత్తగా ఉన్న ఆ వయసులోనే అంగిలికి చిన్న ప్లేటు పెట్టి, వారం వారం కొంచెం కొంచెం అరగదీస్తూ, చీలిన చిగురు అంచులను దగ్గరికి తెస్తారు, ముక్కును లేపుతారు. పెదవి ఆపరేషన్ మూడు నుంచి ఆరు నెలల మధ్య. డాక్టర్లు పాతకాలం నుంచి చూసే లెక్క పది వారాలు, నాలుగున్నర కిలోల బరువు, 10 గ్రాముల హిమోగ్లోబిన్. అంగిలి ఆపరేషన్ తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య, మాట స్పష్టంగా రావాలంటే అది ఆలస్యం కావద్దు. తర్వాత మాట నేర్పించడం, చెవి పరీక్షలు. ఎనిమిది నుంచి పదకొండేండ్ల మధ్య కోరపన్ను దిగకముందే చిగురు చీలికలో ఎముక పెడతారు, దానికి ముందు పై దవడ వెడల్పు చేసేది మళ్లీ ఆర్థోడాంటిస్టే.

ఊర్లో ఎక్కడ చెడుతుందంటే పాలు పట్టడం దగ్గర. పడుకోబెట్టి పడితే ముక్కులోకి వస్తాయి, భయపడి తగ్గిస్తారు, బరువు పెరగదు, ఆపరేషన్ వాయిదా పడుతుంది. తల ఎత్తి, దాదాపు కూర్చోబెట్టినట్టు పట్టుకొని కొంచెం కొంచెం పట్టాలి, మధ్యమధ్యలో భుజాన వేసుకొని తేన్పించాలి. గ్రహణం చూసింది కాబట్టి ఇట్లా పుట్టిందని తల్లిని అనే మాటలు ఇంకా పోలేదు, ఆమె ముందే ఇంటి పెద్దలకు ఇది ఆమె తప్పు కాదని చెప్పాలి. 2013లో మొదలైన ఆర్.బి.ఎస్.కె పరీక్షల్లో ఈ లోపం కూడా ఉంది, ఆశ కార్యకర్త ద్వారా జిల్లా కేంద్రానికి పంపిస్తారు. సార్ ఫైళ్లలో ఈ పిల్లలవి విడిగా తీయండి, ఎముక పెట్టే వయసు దగ్గరపడ్డవాళ్లకు ముందు ఫోన్ చేయండి.

శనివారం కూడిక

సభ గురించి. ఆదివారం పొద్దున పెట్టొద్దు, చర్చివాళ్లకు కుదరదు. రెండో శనివారం సాయంత్రం మంచిది, అందరికీ ఆ రోజు సార్‌తో ముడిపడిందే. చర్చి లోపల ఆరాధన కూడిక ఇంటివాళ్ల ఇష్టప్రకారం విడిగా జరగనివ్వండి. ఊరందరి సభ మాత్రం బడి ఆవరణలోనో కమ్యూనిటీ హాల్లోనో పెడితే ఏ మతం వాళ్లయినా వెనకాడకుండా వస్తారు. సార్ విశ్వాసాన్ని దాచి మాట్లాడొద్దు. ఆయన చేసినదంతా ఆ నమ్మకంలోంచే వచ్చింది, అది చెప్పకపోతే ఆ మనిషి గురించి చెప్పనట్టే.

అచ్చు వేసే కాగితంలో సార్ చదువు, చర్చి, క్యాంపులు పోయిన మండలాల పేర్లు రాయండి. ఇన్ని వేల మందికి వైద్యం చేశారని అంచనా అంకెలు వేయొద్దు, రిజిస్టర్‌లో ఉన్నదే రాయండి. క్లిప్పులకు ముందు, తర్వాత ఫోటోలు వేయాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్కటి కూడా వద్దు. కండ్ల మీద నల్లపట్టీ వేసినా మన ఊరంత చిన్న ఊర్లో పండ్లు, గదవ చూసి గుర్తుపడతారు, ఆడపిల్లల పెండ్లి మాటల దగ్గరికి పోతుంది. సంతకం కూడా తల్లిదండ్రులదే కాదు, ఇప్పుడు పెద్దయిన ఆ బిడ్డది.

మాట్లాడేవాళ్లను ఎనిమిది మందికి మించనీయొద్దు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. క్లినిక్‌లో పనిచేసిన సిస్టర్, అచ్చులు పోసే ల్యాబ్ మనిషి, మర్రిగూడ దిక్కు నుంచి ఒక టీచర్, వీళ్ల పేర్లు ముందు రాయండి, నాయకుల పేర్లు తర్వాత. పూలదండలు వద్దని ఆహ్వానంలోనే వేయండి. గేటు దగ్గర ఒక బల్ల, ఇద్దరు మనుషులు, పిల్లల జాబితా పెట్టండి. ఫోన్ కలవని కుటుంబాలు సభకు మాత్రం వస్తాయి, అక్కడే ఫైలు నంబరు చూసి కవరు చేతికిచ్చి, ఏ తారీఖున ఏ డాక్టర్ దగ్గరికి పోవాలో కార్డు మీద రాసివ్వండి. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్లలో ఒకరికి ఉర్దూ రావాలి.